కెంచక్క పెట్టిన అరకట్టె

కెంచక్క అని ఒగామె ఉండెనంట. మా కురుబోళ్ళ ఇంటి కోడలే. పుట్టింది నల్లరేగడి పక్క, వచ్చి పడింది మా ఎర్రనేలకి. ఏడేండ్ల పిల్లగా ఉన్నప్పుడే తల్లి పోతే, మేనత్త తెచ్చుకొని సాకి, పెద్దదైనాక తన కొడుక్కే చేసుకున్యాది. ఆ అత్తా పోయింది. ఆ మొగుడూ చలిజరమొచ్చి నాలుగు దినాల్లో పోయినాడు. ఇంగ ఇంట్లో మిగిలింది ఎవురయ్యా అంటే రెండు కండ్లూ కనపడని మామ కరెప్ప, ఈ కెంచక్క, పన్నెండు జీవాలు. జీవాలంటే గొర్లే పాపా, మేమట్లే అంటాము. రాసుకుంటాండావా? రాసుకో. పొద్దున నువ్వొచ్చి, జేజీ నువ్వు చెప్పే కథ కాగితం మీద పెట్టుకుంటానంటే నేను సరేలే అంటి గదా, ఆ సరే పూర్తి సరే కాదు. అట్లాంటి సరేని మా ఊర్లో అరకట్టె అంటారు. మీ టౌనోళ్ళు అరమనసు అంటారు చూడు, దానికి దగ్గరిదే, అయితే రోంత తేడా ఉండాది. ఆ తేడా యాడ పుట్టిందో అదే ఈ కథ. నేను ఉన్ని వడుకుతా చెప్తాంటా, నువ్వు రాస్తా ఉండు, దారం తెగితే రోంత ఆగుతా.

ముందు కట్టె సంగతి చెప్పల్ల. ఆ కాలంలో మా ఊర్లో తొమ్మిదిండ్లు, తొమ్మిదిండ్లకీ కలిపి ఒకటే మంద. ఆరునూర్ల జీవాలు అనుకో. మంద ఒక తావు నుంచి ఇంగో తావుకి కదలాలంటే ఊరికే కదలదు. నల్లకంబళి ఒకటి నేలమీద పరుస్తారు. దానిమీద మొగోళ్ళు కూకుంటారు. ఇంటికొక కట్టె, అంటే గొర్లు కాసే కట్టే, దాన్ని కంబళి మధ్యలో పండబెట్టల్ల. తొమ్మిది కట్టెలూ పడినాయంటే అందరూ ఒప్పుకున్నట్టు. అప్పుడు పెద్ద లేచి కంబళి మడుస్తాడు, మంద కదులుతాది. ఒగిల్లు ఒప్పుకోలేదనుకో, ఆ ఇల్లు తన కట్టె ఎత్తుకొని లేచిపోవల్ల. ఎత్తుకున్యారంటే మందలో లేనట్టే. వాళ్ళ జీవాలు వాళ్ళవి, వాళ్ళ దావ వాళ్ళది, తోడేలొచ్చినా వాళ్ళే చూసుకోవల్ల. అంత ధైర్యం ఎవురికుంటాది? లోపల ఎంత గుబులున్నా సరే, కట్టె మాత్రం అందరి కట్టెలతో పాటు పండుకునేది. మా తాతల కాలం నుంచి ఎత్తుకున్న ఇల్లు ఒక్కటీ లేదని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆడోళ్ళు కంబళి మీద కూకునేది లేదు, ఎనకాల నిలబడి వినల్ల. కెంచక్క ఇంట్లో మొగదిక్కు లేదు కాబట్టి మొగుని కట్టె ఆమె చేతికొచ్చింది. అయినా ఎనకనే నిలబడి, ఎవురిదో భుజం మీంచి చెయ్యి చాపి కట్టె పెట్టి, మళ్ళ ఎనక్కి పోయేది.

ఏమైందంటే, ఒక ఏడు వానలు లేవు. గడ్డి లేదు, తుమ్మకాయ లేదు, కంపచెట్ల ఆకులు కూడా దూసి పెట్టేసినారు. జీవాల పక్కటెముకలు లెక్కపెట్టొచ్చంట. పిల్ల తల్లి కింద దూరి గుద్దుతాంటే తల్లి కాళ్ళు మడిచి కూలబడేదంట. గంగమ్మకి పెట్టుకునే మొక్కులన్నీ పెట్టుకున్యారు. అట్లా ఉండంగా ఒక దినం ఎద్దులబండి కట్టుకొని ఓబులేసు అనే ఆయప్ప వచ్చినాడు. నల్లరేగడి పక్క నారపరెడ్డి అని పెద్ద సేద్యగాడు, ఆయన కాడ బండి తోలే మనిషి. మొగోళ్ళు బండి ముందర కూకున్యారు, ఆడోళ్ళు ఎనకాల నిలబడినారు. మంద పెద్దెవురని ఆయప్ప అడిగినాడు. మాలింగప్ప అని మా పెద్ద, మీసం మంచిదే గానీ కోపం ముక్కు మీదుండే మనిషి, ఏమప్పా సంగతి అన్న్యాడు. మా రెడ్డి పంపినాడు, మా చేన్లలో నెల దినాలు మంద కట్టల్లంట, ఎరువు మాకు, మేత మీ జీవాలకి, మనుషులకి గింజలు కూడా కొలుస్తానన్యాడు అని చెప్పె. మేత ఉండాదా అని మాలింగప్ప అడిగె. ఉండాది గదా, కోసిన చేను మీద రోంత వాన పడింది, మోకాలెత్తు పచ్చగా లేచిండాది అని ఆయప్ప చెప్పె. చెప్పి, మజ్జిగ నీళ్ళు తాగి, మీరు ఏ సంగతో మాట్లాడుకొని రండి, నేను దావలో చుట్టాలింట్లో ఒక పూటుండి పోతా అని బండి తోలుకొని పోయినాడు.

ఇంగ చూడు ఊర్లో సంబరం. పచ్చగా అనే మాట విని ఎన్నాళ్ళాయె. ముసిలోళ్ళు కూడా లేచి తిరగబట్టినారంట. ఏ చేను అని ఒక్కరూ అడగలేదు. ఏల అడగలేదంటే, మా ఎర్రనేల పక్క వేసేది కొర్ర, ఆరిక, బుడ్డలు, అదే వేరుశనగ. ఇవి కోసినాక వాన పడితే ఏం మొలుస్తాది? గడ్డే గదా. కోసిన చేను పచ్చగుండాదంటే గడ్డి మొలిచిందని మా వాళ్ళకి అర్థం. నల్లరేగడోళ్ళకి కోసిన చేను అంటే ఇంగొకటి. చెప్పినోడు తనకి తెలిసిందే అందరికీ తెలుసనుకున్యాడు, విన్నోళ్ళు తమకి తెలిసిందే అనుకున్యారు. ఇద్దరిలో ఒక్కరు గూడా అబద్ధం ఆడలేదు పాపా, అది మాత్రం రాసుకో. మా మనవరాలు సుంకి నవ్వుతాండాది చూడు, దానికి కథ తెలుసు. నువ్వు నోరు మూసుకొని ఉన్ని చిక్కు తియ్యే.

సరే, కంబళి పరిచినారు. మాలింగప్ప మొదట తన కట్టె పెట్టె. ఒక్కొక్కరు టకటకా పెట్టేసినారు. ఎనిమిది పడినాయి. తొమ్మిదోది కెంచక్కది. ఆమె ఎనక నుంచి చెయ్యి చాపి కట్టె పెట్టింది. ఎట్ల పెట్టిందంటే, సగం కంబళి మీద, సగం మన్ను మీద. చెయ్యి అందలేదేమో పాపం అనుకొని పక్కనున్నాయన ఆ కట్టెని లోపలికి జరిపినాడు. కెంచక్క వంగి మళ్ళ బయటికి లాగింది. సగానికి లాగి వదిలిపెట్టింది. అందరూ మొగం మొగం చూసుకున్యారు. మాలింగప్ప, ఏమ్మా ఇది, పెడతావా, ఎత్తుకుంటావా అన్న్యాడు. ఎత్తుకోను పెద్దమామా, మీరు యాడికి పోతే నేనూ ఆడికే వస్తా, నా జీవాలూ వస్తాయి, అయితే నా మనసు ఇంగా పూర్తిగా రాలేదు, వచ్చిన కాడికి పెట్టినా అనింది. ఎనకాల ఆడోళ్ళు కిసుక్కుమని నవ్వినారంట.

మాలింగప్పకి కోపమొచ్చింది. రాదా మరి. జీవాలు సాయంత్రానికి ఎన్ని పడతాయో తెలీదు, ఈమె సగం, పావు అంటాండాది. ఏందమ్మా నీ మనసులో ఉండేది, చెప్పు, విందాము అన్న్యాడు. అదే తెలీదు పెద్దమామా, ఆ బండాయన వచ్చినప్పుడు నేనేందో చూసినా, చూసింది ఏందో గుర్తుకి రాలేదు అనింది. ఇది ఒక మాటా అని ఒకాయన. పుట్టిన ఊరి పక్క పోవల్లంటే తల్లి గుర్తుకొస్తాదిలే అని ఇంగొకాయన. మొగోడు లేని ఇంటికి కట్టెందుకు, తీసి పక్కన పెట్టండి అని ఒకడు అనేసినాడు. ఆ మాటకి కెంచక్క కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి గానీ కట్టె మాత్రం జరపలేదు. అప్పుడు కరెప్ప, కండ్లు లేని మామ, గోడకానుకొని కూకున్నోడు, మాలింగా, కట్టె కంబళి మీద ఉండాదా లేదా అని అడిగె. ఉండాదిలే సగం అన్న్యాడు మాలింగప్ప. ఉండే సగంతో కొట్లాట ఎందుకప్పా, అది నీతోనే ఉండాది గదా, లేని సగం యాడుందో దాన్ని కనుక్కో, మాకు కండ్లు లేనోళ్ళకి వస్తువు పోతే తిట్టుకుంటా కూకోము, తడుముకుంటాము అన్న్యాడంట.

 మాలింగప్ప మీసం నమిలి నమిలి ఒక మాట చెప్పినాడు. కెంచా, నువ్వు నీ పన్నెండు జీవాల్ని తోలుకొని ఇప్పుడే ముందు నడువు. మేము తెల్లారి బయల్దేరతాము. నీ సగం దావలో దొరికితే వచ్చి చెప్పు. దొరక్కపోతే ఆ చేను గట్టు కాడ నీ కట్టె పూర్తిగా పండబెట్టి మాకోసం కూకో. మంచికీ చెడ్డకీ ముందు పోయేది నీ జీవాలే, ఒప్పుకుంటావా అన్న్యాడు. అదేం చిన్న మాట కాదు. ఆమెకుండేది ఆ పన్నెండే. అవి పోతే మామకి గంజి నీళ్ళు కూడా లేవు. ఆమె ఒప్పుకుంటా అనింది. మామని వాళ్ళకి అప్పజెప్పి, రెండు రాగిముద్దలు మూటగట్టుకొని, కట్టె భుజాన వేసుకొని బయల్దేరింది. ముందర బొల్లి నడిచింది. బొల్లంటే ఆమె గంటకట్టిన గొర్రె, మొగం మీద తెల్లమచ్చ, యాడికి పిలిచినా వచ్చేది. మొగుడు బతికున్నప్పుడు తల్లిలేని పిల్లని చంకలో పెట్టుకొని తెస్తే, కెంచక్క గిన్నెతో పాలు తాపి సాకిన గొర్రె. దానికి అప్పుడు నెలరోజుల పిల్ల కూడా ఉండె.

పోతాండాది, పోతాండాది. ఎర్రమన్ను పోయి నల్లమన్ను వచ్చింది. రెండోదినం పొద్దు నడినెత్తికొచ్చే యాళకి ఒక వంక కాడికి చేరింది. వంకలో రోంత నీళ్ళుండాయి. చూస్తే ఆడ ఓబులేసు బండి ఆపి ఎద్దులకి నీళ్ళు తాపుతాండాడు. చుట్టాలింటి నుంచి అప్పుడే వస్తాండాడన్నమాట. ఎద్దుల మూతులకి తాడుతో అల్లిన చిక్కాలు కట్టుంటాయి గదా, వాటిని విప్పినాడు, నీళ్ళు తాపినాడు, మళ్ళ రెండింటికీ కట్టినాడు. కెంచక్క నిలబడి చూసింది. చూస్తాంటే అప్పుడు తట్టిందంట ఆమెకి. మా ఊరికి వచ్చిన దినం కూడా ఆ ఎద్దుల మూతులకి చిక్కాలుండె. మా ఊర్లో గడ్డి పరక లేదు, పైరు లేదు, ఎవురి చేన్లోనో మూతి పెడతాయని భయం లేదు, మరి చిక్కమెందుకు? అదీ ఆమె చూసింది. చూసి కూడా, చూసింది ఏందో తెలీకుండా కడుపులో పెట్టుకొని తిరిగింది. అన్నా, ఈ దావంతా ఎండిపోయుండాది గదా, ఎద్దులకి ఆ చిక్కాలెందుకు కట్టినావు అని అడిగింది. అలవాటు చెల్లీ, మా ఊర్లో బండి కట్టేటప్పుడే కట్టేస్తాము, అదిగో ఆ మలుపు తిరిగితే మావే చేన్లు, దావకి రెండు పక్కలా జొన్న పిలకలుండాయి, బండి పోతా పోతా ఎద్దు నాలుగు పరకలు లాగిందంటే నాము తగిలి ఆడనే పడిపోతాది అన్న్యాడు.

నాము అంటే ఏందో నీకు తెలుసునా పాపా? జొన్న కోసినాక మోళ్ళకి పిలకలొస్తాయి. రోంత వాన పడి, మళ్ళ ఎండ కాసి అవి వాడినాయంటే, ఆ పచ్చలో విషముంటాది. తిన్న జీవం గుక్కెడు నీళ్ళు తాగేంత సేపు కూడా నిలబడదు. ఎండిపోయిన చొప్పైతే ఏం కాదు. కెంచక్కకి అప్పుడు వాళ్ళమ్మ కనపడిందంట. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ ఇట్లే చిక్కాలు కట్టేది, పిల్ల అడ్డమొస్తే పక్కకి తోసి మరీ కట్టేది. ఏడేండ్ల పిల్లకి చిక్కం గుర్తుండాది, ఎందుకు కట్టేదో మరిచిపోయుండాది. ఆ సగం ఇప్పుడొచ్చి ఈ సగాన్ని పట్టుకున్యాది. అన్నా, మీ రెడ్డి మమ్మల్ని మేపుకోమన్న చేను కూడా జొన్నేనా అని అడిగింది. జొన్న కాక ఇంగేముంటాదమ్మా మా పక్క, మీకు తెలీదా ఏంది, పచ్చి మీద తోలరు గదా, ఎండినాక మేపుతారు గదా అన్న్యాడు. ఆమె ఎనక్కి తిరిగి చూసింది. పదకొండు జీవాలుండాయి నీళ్ళకాడ. బొల్లి లేదు. మలుపు అవతల గంట చప్పుడవుతాండాది.

ఇద్దరూ పరిగెత్తినారు. పోయేటప్పటికి బొల్లి చేన్లో ఉండాది. ఎన్నాళ్ళ ఆకలో పాపం, తలెత్తకుండా తింటాండాది. కెంచక్క పిలిచింది. పిలిస్తే వచ్చింది కూడా. నాలుగడుగులు ఆమె దిక్కు వచ్చి, కాళ్ళు వణికి, పక్కకి పడిపోయింది. ఓబులేసు సద్దిమూట విప్పి బెల్లం గడ్డ తీసి, నీళ్ళల్లో పిసికి నోట్లో పోసినాడు. వాళ్ళ పక్క అదే మందు. ఒక్కొక్కసారి పని చేస్తాది, ఒక్కొక్కసారి చెయ్యదు. ఆ దినం చెయ్యలేదు. కెంచక్క దాని తల ఒళ్ళో పెట్టుకొని, ముందు నిన్ను పంపినా గదే బొల్లీ, నేను రావల్సింది, నిన్ను పంపినా గదే అని ఏడ్సిందంట. రోంతసేపే. గాలి ఎటు వీస్తాందో చూసుకొని లేచి నిలబడింది. చేను మీంచి గాలి మా మంద వచ్చే దిక్కుకే పోతాండాది. ఆరునూర్ల జీవాలు, రెండు నెలల ఆకలి, ఆ పచ్చి వాసన ముక్కుకి తగిలితే ఆపేదెవురు? అన్నా, ఈ పదకొండింటినీ నీళ్ళకాడనే పట్టుకో, నా చంటిపిల్ల జాగ్రత్త అని బొల్లి పిల్లని ఆయప్ప చేతుల్లో పెట్టి, కట్టె తీసుకొని వచ్చిన దావనే ఎనక్కి పరుగెత్తింది. ఓబులేసు కూడా మంచోడే. చిక్కాలుండాయి గదా నా కాడ అని, ఎద్దుల చిక్కాలు తీసి దుడుకు గొర్రెలు రెండింటికి కట్టినాడంట.

మంద వస్తాండాది. ముందర మాలింగప్ప, ఎనక ఎనిమిదిండ్లోళ్ళు, ఆడోళ్ళు, ఎవురిదో భుజం పట్టుకొని కరెప్ప. అప్పటికే జీవాలు చెవులు నిక్కబొడిచినాయి. నడిచేవి ఉరకబట్టినాయి. మనవాళ్ళు గూడా, వాసన తగిలిందిరా బతికిపోయినాము అని నవ్వుకుంటా వస్తాండారు. ఎదురుగా కెంచక్క వచ్చింది, కాళ్ళు పగిలి నెత్తురు కారతాండాది, మాట రాలేదు. ఊపిరి లేదు గదా మాట్లాడేదానికి. ఏం చేసిందంటే, తన కట్టె తీసి దావకి అడ్డంగా మన్నులో పెట్టింది. పెట్టి దాని ఎనకాల నిలబడి రెండు చేతులూ చాపింది. మాలింగప్ప చూసినాడు. ఏమైంది, ఎందుకు అని అడగలేదు. నిన్న సగం పెట్టిన మనిషి ఈ దినం అడ్డం పెట్టిందంటే దొరికిందన్నమాట ఆమె సగం అనుకున్యాడు. తన కట్టె తీసి ఆమె కట్టె పక్కన పెట్టినాడు. అప్పా, కంబళ్ళు విప్పండి అని ఒక్క కేక వేసినాడు.

భుజాల మీది కంబళ్ళు విప్పినారు అందరూ. ఒకరి చెయ్యి ఒకరు అందుకొని, కంబళ్ళు గోడ మాదిరి అడ్డం పట్టినారు. ఆడోళ్ళు చీర కొంగులు చాపి పట్టినారు. నిన్న నవ్వినోళ్ళూ పట్టినారు, మొగోడు లేని ఇంటికి కట్టెందుకు అన్నాయన కూడా పట్టినాడు. కరెప్ప, నా చేతికి ఇంత కొన ఇయ్యండప్పా అని తడుముకుంటా వచ్చి నిలబడినాడు. గొర్రె ఉండాదే, ఎదురుగా నల్లటి గోడ కనపడితే ఆగుతాది, అదొక్కటే దాని మంచి గుణం. ముందరివి ఆగినాయి, ఎనకటివి వచ్చి ముందరివాటి మీద పడినాయి, మనుషుల మోకాళ్ళు పగిలినాయి, కంబళ్ళు చినిగినాయి. గోడ మాత్రం ఇరగలేదు. అట్లనే అడుగడుగు ఎనక్కి తోసుకుంటా, గాలి తగలని పల్లంలోకి మందని తిప్పినారు. అప్పుడు కెంచక్క నేలమీద కూలబడి, జొన్న పిలకలు పెద్దమామా, బొల్లి పోయింది అనింది. అంతే చెప్పింది. అంతకు మించి ఎవురికీ అక్కర లేకపోయె.

నారపరెడ్డి ఆ సాయంత్రమే వచ్చినాడు, జీవాల్ని మావాళ్ళకి అప్పజెప్పి ఓబులేసు పోయి చెప్పినాడంట. చెప్పులు కూడా లేకుండా వచ్చినాడంట. మా పక్క చంటిబిడ్డని అడిగినా చెప్తాది నాము సంగతి, గొర్లు కాసే జాతి మీకు తెలీకుండా ఉంటాదా అనుకుంటి, ఆ మాట చెప్పి పంపాలని నాకు తోచలేదప్పా అని తల పట్టుకున్యాడు. మాలింగప్ప, మేము మాత్రం అడిగితిమా రెడ్డీ, పచ్చ అనే మాట ఒక్కటి విని ఎగిరితిమి అన్న్యాడు. రెడ్డి ఇంటెనక పోయినేటి ఎండుచొప్ప వామి ఉండె. దాన్ని విప్పించినాడు. పిలకల చేను వదిలి, దున్నిన ఇంగో చేన్లో మంద కట్టించుకున్యాడు. నెల దినాలు ఆ చొప్ప మేసి, ఆ వంక నీళ్ళు తాగి మా జీవాలు నిలబడినాయి. ఆ నెల తిరిగేటప్పటికి వాన వచ్చింది. ఆరునూర్లలో పోయింది ఒక్క బొల్లే.

వాన వచ్చినాక ఇంటిదారి పట్టల్ల గదా, మళ్ళ కంబళి పరిచినారు. ఎనిమిది కట్టెలు పడినాయి. కెంచక్క పెట్టేలోపల మాలింగప్ప లేచి నిలబడినాడు.  కెంచా, నీ సగం లేకపోతే మా తొమ్మిదిండ్లల్లో పొయ్యి వెలిగేది కాదు. నేను నిన్ను తిడితిని, నీ జీవాల్ని ముందర పంపితిని. నీ రుణం తీర్చేది కాదు గానీ, మా ఎనిమిదిండ్లోళ్ళమూ తలా ఒక గొర్రెపిల్లని నీకిస్తాము, బొల్లి బదులు అన్న్యాడు. ఎనిమిది మంది ఎనిమిది పిల్లల్ని చంకన పెట్టుకొని నిలబడుండారు. నవ్విన ఆడోళ్ళే వాటికి పసుపు పూసి తెచ్చినారు. కెంచక్కకి ఏడుపొచ్చింది. అందరికీ దండం పెట్టింది. నేను మీ మీద కోపంతో పెట్టలేదు పెద్దమామా, మీరు నన్ను మందలోంచి తోసెయ్యకుండా నా సగాన్ని మోస్తిరి గదా, అదే నాకు శానా అనింది. అని, తన కట్టె తీసి, మళ్ళ సగం కంబళి మీద, సగం మన్ను మీద పెట్టింది.

 ఈ తూరి నవ్వినోళ్ళు లేరు. మాలింగప్ప ఆమె ముందర గొంతుకూకున్యాడు. ఇంగా ఏం మిగిలిందమ్మా, లేని సగం యాడుండాది, చెప్పు, వింటాము అన్న్యాడు. ఇంత మెత్తగా ఆయప్ప పెండ్లాంతో కూడా మాట్లాడి ఎరగడంట. కెంచక్క చెప్పింది. పిల్లలు ఎనిమిదొద్దు పెద్దమామా, మీ ఇండ్లల్లో కూడా బిడ్డలుండారు, బొల్లిపిల్ల ఉండాది నాకు, దానికి పాలిచ్చే తల్లిని ఒక్కదాన్ని ఇయ్యండి, చాలు. ఇంగొకటి ఉండాది. ఆ దినం ఎనకాల నిలబడి, మనుషుల సందుల్లోంచి ఆ బండినీ ఎద్దుల్నీ చూసినా. ముందర కూకొని చూసుంటే ఆ చిక్కాలు ఇంగా బాగా కనపడుండేవి, బండాయన్ని నేనే అడిగుండే దాన్ని, బొల్లి బతికుండేది. ఎనక నిలబడి చెయ్యి చాపి కట్టె పెట్టడం నాకింగ చాతగాదు అనింది.  కరెప్ప ఒక పక్కన కూకొని తల ఊపుతాండాడు. మాలింగప్ప లేచి, పోయి తన తావులో కూకొని, పక్కనున్నాయన్ని మోచేత్తో పొడిచినాడు. రోంత జరుగప్పా అన్న్యాడు. ఆయన జరిగినాడు. మాలింగప్ప కూడా జరిగినాడు. కంబళి మీద ఒక మనిషి పట్టేంత తావు వచ్చింది. కెంచక్క వచ్చి ఆడ కూకొని, కట్టెని పూర్తిగా కంబళి మీదికి లాక్కున్యాది.

అదీ అరకట్టె పుట్టిన కథ. తేడా ఉండాదని చెప్పితి గదా, అర్థమాయెనా? మీ అరమనసు ఉండాది చూడు, అది ఎవురికి వాళ్ళు లోపల పెట్టుకొని తిరిగేది. అరకట్టె నలుగురి ముందర పెట్టేది. పెట్టినోళ్ళు వదిలిపెట్టి పోకూడదు, తోడు రావల్ల. ఎదుటోళ్ళు ఇంగో సగం యాడుండాదమ్మా అని మెత్తగా అడగల్ల, అడక్కుండా కంబళి మడవకూడదు. ఇప్పుడు కూడా మా ఊర్లో అంతే. పెండ్లిచూపుల్లో పిల్ల సరే అన్యాది గానీ అరకట్టే అంటే, ఆ సంబంధం రోంత ఆపుతారు, పిల్లనడుగుతారు. మా ఆయన నన్ను చూసుకోను వచ్చిన దినం నేను అరకట్టె పెడితి. ఏమని అడిగినారు. ఆయప్ప నిద్రలో గురక పెడతాడంట, అదీ నా సగం అంటి. పెట్టడని వాళ్ళమ్మ ఒట్టేసింది. యాభై ఏండ్లాయె, ఇంగా పెడతానే ఉండాడు, లోపలికి పోయి వినుపో. అయినా నన్ను అడిగినారు గదా, ఆ ఒక్కటి చాలని కాపురం చేసినా. కెంచక్క పుణ్యం.

నువ్వు పొద్దున్నుంచీ రాస్తానే ఉండావు పాపా, నేను అరకట్టె సరే అంటినని చెప్తి గదా, నా లేని సగం యాడుందని నువ్వింగా అడగనే లేదు. అడగల్ల. ఆ, ఇప్పుడు అడిగినావు. చెప్తా విను. ఇంతకు ముందు ఒకాయన వచ్చి ఇదే కథ రాసుకొని పోయినాడు. పేపర్లో వచ్చింది, మా మనవడు చదివి వినిపించె. పెద్ద మాలింగప్ప తెలివితో మందని కాపాడినాడని ఉండె అందులో. మాలింగప్ప మంచోడే, కాదనను. కానీ నువ్వు మాత్రం పైన కెంచక్క పేరు పెట్టు. దాని కింద బొల్లి సంగతి కూడా వదలకుండా రాయి. రాస్తివా? చూపించు. నాకు చదువు రాదులే, ఏదీ కెంచక్క అనే మాట, ఏలు పెట్టి చూపించు. ఇదేనా? సరే, పెట్టేసినా కట్టె. సుంకీ, ఈ ఉన్ని ఎత్తిపెట్టి, పాపకి రోంత జరిగి తావియ్యి, ముద్ద తిని పోతాది.